బిల్లుల తగాదాని రోగి మంచం దాకా రానివ్వకండి

రక్షణ మంత్రిత్వ శాఖలోని మాజీ సైనికుల సంక్షేమ విభాగం కార్యదర్శి గారికి,
మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ (ఎక్స్-సర్వీస్‌మెన్ కాంట్రిబ్యూటరీ హెల్త్ స్కీమ్) కేంద్ర కార్యాలయం అధికారులకు,

జై హింద్.

నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా 22 ఏళ్లు పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాను. మాది పశ్చిమ గోదావరి జిల్లా. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఇంటింటి నుంచీ సైన్యంలోకి వెళ్లిన మిలటరీ మాధవరం మా జిల్లాలోనే ఉంది. సర్వీసులో ఉన్నన్నాళ్లూ రోగులకు సూదులు, సెలైన్లు పెట్టాను. రిటైరయ్యాక వాళ్లకి ఫారాలు నింపిపెడుతున్నాను. మా చుట్టుపక్కల ఊళ్లలో పాత ఫౌజీలు చాలామంది ఉన్నారు. వాళ్లకి వచ్చే కాగితాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. అవి చదివి చెప్పడం, వాళ్లతో కలిసి పాలీక్లినిక్‌కి, అంటే ఈసీహెచ్‌ఎస్ నడిపే చిన్న ఆసుపత్రికి, వెళ్లడం వారంలో రెండు మూడు రోజులు నాకు అదే పని. ఈ ఉత్తరం వాళ్ల తరఫున రాస్తున్నాను. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో ఉన్నది ఉన్నట్టు రాశానో లేదో మొదట వాళ్లు చదివి చెప్పాలి.

ఆమధ్య ఒక రోజు పొద్దున్నే మా సుబేదార్ సాబ్‌ని డయాలసిస్‌కి తీసుకెళ్లాను. ఆయనకి 71 ఏళ్లు. శ్రీలంకకి మన శాంతి సేన వెళ్లినప్పుడు జాఫ్నాలో ఉన్నారు. ఇప్పుడు రెండు కిడ్నీలూ పనిచేయడం లేదు, వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఎడమ ముంజేతి మీద, డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా ఉంది. దాని మీద వేలు ఆనిస్తే లోపల రక్తం జుమ్మని పారడం తెలుస్తుంది. ఆ చేతిని ఆయన చంటిపిల్లని ఎత్తుకున్నట్టు పొట్టకి ఆనించుకుని నడుస్తారు. ఎవరైనా తగులుతారేమోనని భయం.

ఆసుపత్రి రిసెప్షన్ అద్దానికి ఒక తెల్ల కాగితం అంటించి ఉంది. నాలుగు మూలలా సెల్లోటేపు. ఈసీహెచ్‌ఎస్ పేషెంట్లకు క్యాష్‌లెస్, అంటే చేతి డబ్బు కట్టకుండా చేసే వైద్యం, తాత్కాలికంగా ఆపేశామని రెండు లైన్లు. ఎప్పటిదాకా అన్నది లేదు, కింద ఎవరి సంతకమూ లేదు. సుబేదార్ సాబ్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని రెండోసారి చదివారు. తర్వాత నా వైపు తిరిగి, "తాత్కాలికం అంటే ఎన్ని రోజులు తమ్ముడూ?" అని అడిగారు.

22 ఏళ్లు వార్డుల్లో పనిచేసినవాణ్ణి, నాకు లెక్క తెలుసు. డయాలసిస్ రెండుసార్లు తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, పడుకుంటే ఊపిరాడదు. పొటాషియం పెరుగుతుంది. గుండె ఏ క్షణాన లయ తప్పుతుందో చెప్పలేం. అలాంటి మనిషికి తాత్కాలికం అన్న మాటే లేదు.

కౌంటర్లో ఉన్న అమ్మాయి మర్యాదగానే చెప్పింది. "మాకు బిల్లులు చాలా నెలలుగా రావట్లేదండీ, మేనేజ్‌మెంట్ ఆపేయమంది. డబ్బు కడితే చేస్తాం సార్." ఆ పిల్ల తప్పేమీ లేదు. ఒక్కో సిట్టింగ్‌కి 2,200 రూపాయలు. సుబేదార్ సాబ్ అబ్బాయికి ఫోన్ చేసి ఆ రోజుకి కట్టారు. ఆ తర్వాత మరో పదిసార్లు కట్టారు. మొత్తం 24,200. నెల తిరిగేలోపు ఆ కాగితం తీసేశారు, క్యాష్‌లెస్ మళ్లీ మొదలైంది. అది మొదలైనందుకు మేమంతా ఒకరికొకరం ఫోన్లు చేసుకుని సంతోషపడ్డాం.

ఆ డబ్బు వెనక్కి ఇప్పించమని క్లెయిమ్ పెట్టాం. పెట్టింది నేనే, రశీదులన్నీ వరసగా పిన్ చేసి, ప్రతి కాగితం మీదా సుబేదార్ సాబ్ చేత సంతకం పెట్టించి. ఆరు వారాలకి తిరిగొచ్చింది. అభ్యంతరం ఏమిటంటే, ఒప్పందంలో ఉన్న ఆసుపత్రి పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు, మీరెందుకు కట్టారు, వివరణ ఇవ్వండి అని. సార్, ఆ రూలు ఆయన్ని కాపాడటానికి రాసింది. ఆసుపత్రి ఆ రూలు తప్పితే ఆసుపత్రిని అడగాలి. ప్రాణం నిలుపుకోవడానికి డబ్బు కట్టినందుకు 71 ఏళ్ల సుబేదార్‌ని సంజాయిషీ అడిగారు. ఆయన ఆ కాగితం చదివి ఏమీ అనలేదు. మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ మౌనం చూశాకే ఈ ఉత్తరం రాయాలనుకున్నాను.

ఈసీహెచ్‌ఎస్ మీద కోపంతో రాస్తున్నానని అనుకోవద్దు. ఈ పథకం విలువ నాకు తెలుసు. ఇది 2003 ఏప్రిల్ 1న మొదలైంది. అంతకుముందు మాజీ సైనికుడికి పెద్ద జబ్బు చేస్తే మిలటరీ ఆసుపత్రే దిక్కు. అది ఏ కంటోన్మెంట్‌లోనో ఉంటుంది. మా గోదావరి జిల్లాల వాళ్లు విశాఖకో సికింద్రాబాద్‌కో పరుగెత్తాలి. పాలీక్లినిక్‌లు వచ్చాక, ప్రైవేటు ఆసుపత్రులతో ఒప్పందాలు అయ్యాక, పల్లెటూరి జవాను కుటుంబానికి కూడా కార్పొరేట్ ఆసుపత్రి గడప తొక్కే ధైర్యం వచ్చింది. మా అమ్మ నా మీద ఆధారపడిన మనిషి కాబట్టి ఆమెకీ కార్డు ఉండేది. 2016లో ఆమెకి బైపాస్ అయింది. నేను ఒక్క రూపాయి కట్టలేదు. డిశ్చార్జి రోజున అమ్మ, "నువ్వు మిలటరీకి పోతుంటే ఏడ్చాను గానీ, ఆ మిలటరీయే నన్ను బతికించిందిరా" అంది. అలాంటి పథకం మా కళ్ల ముందు నీరసించిపోతుంటే చూస్తూ ఊరుకోలేం.

ఇది ఉచితంగా ఇస్తున్నదీ కాదు. కాంట్రిబ్యూటరీ, అంటే చందా కట్టేది, అన్న మాట పథకం పేరులోనే ఉంది. ఇవాళ రిటైరయ్యే సిపాయి నుంచి హవల్దారు దాకా 30,000 రూపాయలు, జేసీఓలు (సుబేదార్ స్థాయి వాళ్లు) 67,000, ఆఫీసర్లు 1,20,000 ఒకేసారి కడుతున్నారు. 1996కి ముందు రిటైరైన వాళ్లకి, యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న వీరనారులకి ఈ చందా మినహాయించారు, అది న్యాయం. మిగిలిన మేమంతా రిటైర్మెంట్ డబ్బు చేతికి రాకముందే అందులోంచి కట్టేశాం. మా వంతు మేం కట్టేశాక, మీకూ ఆసుపత్రికీ మధ్య ఉన్న బాకీ గురించి మా మంచం దగ్గర మాట్లాడటం ఏం న్యాయం?

ఆసుపత్రుల వైపు కూడా వినాలి. బిల్లు ఆన్‌లైన్‌లో పెట్టాక బిల్లులు తనిఖీ చేసే ఏజెన్సీ చూడాలి, వాళ్ల డాక్టర్లు చూడాలి, ప్రాంతీయ కేంద్రం చూడాలి. ఎక్కడో ఒక చోట ప్రశ్న వేస్తారు, జవాబు రావాలి. అన్నీ దాటాక నిధులు ఉండాలి. ఏడాది బడ్జెట్ ఏడాది పూర్తికాకుండానే అయిపోతే బిల్లులు ఏప్రిల్ దాకా కూర్చుంటాయి. ఈ కష్టం ఇవాళ కొత్తగా పుట్టింది కాదు. బిల్లుల చెల్లింపులో ఆలస్యం గురించి, పాలీక్లినిక్‌లలో మందుల కొరత గురించి కాగ్ 2015లోనే ఈ పథకం మీద ఇచ్చిన ఆడిట్ నివేదికలో చెప్పింది. రక్షణ శాఖ మీద పార్లమెంటు స్థాయీ సంఘం కూడా నిధులు చాలడం లేదన్న సంగతి ప్రస్తావిస్తూనే ఉంది. చాలా చికిత్సలకి 2014 నాటి సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల, పెన్షనర్ల వైద్య పథకం) రేట్లే పదేళ్లకి పైగా మాకూ ఆధారంగా నడిచాయి. పదేళ్లలో ఆపరేషన్ల ఖర్చు ఎంత పెరిగిందో ఆ రంగంలో ఉన్న ఎవరికైనా తెలుసు. చేసిన ప్రతి ఆపరేషన్‌కీ నష్టం అనుకునే ఆసుపత్రి మమ్మల్ని లోపలికి రానివ్వడానికి మంచం ఖాళీ లేదనే సాకు వెతుక్కుంటుంది. 2025 అక్టోబరులో ఆ రేట్లు సవరించారు, సంతోషం. మళ్లీ పదేళ్లు ఆగకుండా, రెండేళ్లకోసారి దానంతటదే సవరణ జరిగే పద్ధతి పెట్టండి. రేటు పెరిగి నిధి పెరగకపోతే పాత బాకీ మీద కొత్త బాకీ చేరుతుంది, కాబట్టి రెండూ కలిపి చూడండి.

అధికారులు సమావేశాల్లో ఇవన్నీ చర్చిస్తారని నాకు తెలుసు. చర్చ నడుస్తుండగానే రోగికి వైద్యం ఆగకూడదన్నదే నా మనవి. డయాలసిస్, కీమో, గుండె జబ్బు, ఇవి మూడూ ఏ కారణంతోనూ ఆగకుండా విడిగా ఒక నిధి పెట్టవచ్చు. ఆసుపత్రి క్యాష్‌లెస్ ఆపదలిస్తే నెల రోజుల ముందు ప్రాంతీయ కేంద్రానికి రాతపూర్వకంగా చెప్పి తీరాలని, ఆ నెలలోపు పాలీక్లినిక్ వాళ్లే అక్కడి పేషెంట్లని వేరే ఆసుపత్రికి మార్చాలని ఒప్పందంలో రాయవచ్చు. ఇప్పుడు మాకు ఆ సంగతి చెప్తున్నది అద్దానికి అంటించిన కాగితం ఒక్కటే.

ఇక్కడ నా సర్వీసు సంగతి ఒకటి చెప్పాలి. ఫీల్డులో దెబ్బ తగిలిన జవానుకి మేం మొదటి చికిత్స చేసి, ఫీల్డ్ మెడికల్ కార్డు రాసి అతని చొక్కా గుండీకి కట్టేవాళ్లం. ఏ ఇంజెక్షన్ ఎన్ని గంటలకి ఇచ్చాం, రక్తం ఆపే పట్టీ (టూర్నికే) ఎప్పుడు బిగించాం, అంతా దాంట్లోనే ఉంటుంది. స్ట్రెచర్ ఎక్కడికి వెళ్తే కార్డు అక్కడికి వెళ్లేది. అవతల ఆసుపత్రిలో దాన్ని చదివి పని మొదలుపెట్టేవారు. పేరులో అక్షరం తేడా ఉందని, ఫలానా ముద్ర లేదని స్ట్రెచర్‌ని వెనక్కి పంపడం నేను ఎన్నడూ చూడలేదు. చలికి వేళ్లు వంకర్లు పోతుంటే రాసిన కార్డులు అవి, ఎన్ని తప్పులుండేవో! ఇప్పుడు అదే సైన్యం మనుషులు కాగితం పట్టుకుని ఊళ్లు తిరుగుతున్నారు. పాలీక్లినిక్‌లో రిఫరల్, అంటే పెద్దాసుపత్రికి పంపే చీటీ, తీసుకుని బస్సులో ఆసుపత్రికి వెళ్తే అక్కడి డాక్టర్ ఒక స్కాన్ రాస్తాడు. అది రిఫరల్‌లో లేదంటారు. మళ్లీ పాలీక్లినిక్‌కి. ఆ రోజు సంబంధిత డాక్టర్ రాలేదంటారు. మోకాళ్లు అరిగిపోయిన మనిషికి ఈ తిరుగుడే ఒక జబ్బు. రిఫరల్ గడువు పెంచడం, బాగా వయసు మీరినవాళ్లకి కొంత సడలింపు ఇవ్వడం మంచి పనులే. ఆన్‌లైన్ అంటున్నారు గనక, ఆసుపత్రి డాక్టర్ రాసిన పరీక్ష నేరుగా పాలీక్లినిక్ కంప్యూటర్‌కి వెళ్లి, అక్కడి డాక్టర్ అక్కడే ఒప్పుకునేలా చేయండి. బస్సెక్కాల్సింది ముసలాయన కాదు.

పేర్ల గురించి వేరుగా రాయాలి, ఎందుకంటే ఇది మా తెలుగువాళ్లని మరీ ఎక్కువగా బాధపెడుతోంది.

మా పక్క ఊళ్లో ఒక వదిన ఉంది. ఆమె భర్త నాకు సీనియర్, నాయక్‌గా రిటైరై గుండెపోటుతో పోయారు. ఆయన పోయాక ఆమె తన పేరు మీద కార్డు చేయించుకోవాలి. ఆమె పేరు సత్యవతి. పెళ్లయిన కొత్తలో యూనిట్‌లో క్లర్కు, ఉత్తరాది అబ్బాయి, వాళ్ల అలవాటు ప్రకారం సత్యవతి దేవి అని పార్ట్-2 ఆర్డరులో, అంటే జవాను కుటుంబ వివరాలు నమోదు చేసే సర్వీసు కాగితంలో, రాశాడు. పెన్షన్ కాగితంలో అదే వచ్చింది. ఆధార్ తీసినప్పుడు ఊళ్లో అందరూ పిలిచినట్టు సత్యవతమ్మ అని పడింది. బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో ఇంటిపేరు వెనక. అందరికీ తెలిసిన ఒకే మనిషి, మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులైపోయింది.

దరఖాస్తు మూడుసార్లు వెనక్కి వచ్చింది. నోటరీ అఫిడవిట్ పెట్టాం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉత్తరం తీసుకున్నాం. రికార్డ్ ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టు చేశాం, రెండుసార్లు. ఈ మధ్యలో ఒక రోజు వదిన మా ఇంటికొచ్చి, మా ఆవిడతో వంటింట్లో చాలాసేపు మాట్లాడి వెళ్లింది. ఆమె వెళ్లాక మా ఆవిడ చెప్పింది, రొమ్ములో గడ్డ తగులుతోందట, ఎవరికీ చెప్పుకోలేక ఊరుకుందట. కార్డు వచ్చాక చూపించుకుందామని ఆగిందట. అంతకు ముందే నాలుగు నెలలైంది. కార్డు వచ్చేసరికి ఎనిమిది నెలలు. అప్పటికి గడ్డ చంకలోకి పాకింది. ఇప్పుడు కీమో నడుస్తోంది, జుట్టంతా పోయింది, కొంగు నెత్తిమీద కప్పుకుని కూర్చుంటుంది. "నా పేరులో ఏం తప్పుంది బాబూ" అని నన్ను అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజే ఆమెని ప్రభుత్వ ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్లలేదని నన్ను నేను ఇప్పటికీ నిలదీసుకుంటూనే ఉన్నాను.

ఇందులో డబ్బు ఖర్చయ్యే పని ఏదీ లేదు. అమ్మ, దేవి, ఇంటిపేరు ముందూ వెనకా, ఇవి పేరు మార్పు కిందకి రావని ఒక ఆదేశం ఇస్తే చాలు. ఫోటో, భర్త సర్వీసు నంబరు, పెన్షన్ ఖాతా కలిస్తే అదే రోజు తాత్కాలిక స్లిప్ ఇచ్చి, కాగితాల సవరణ వెనక నడిపించండి. ఆంధ్ర, తెలంగాణల్లో దీనికోసం ఒక ప్రత్యేక శిబిరం పెడితే జిల్లాకి ఎన్ని వందల కుటుంబాలు బయటపడతాయో మీకే తెలుస్తుంది. మేం ఉచితంగా వచ్చి కూర్చుని ఫారాలు నింపిపెడతాం.

మందుల సంగతి. బీపీ, షుగరు మాత్రలు నెలనెలా ఉండాల్సినవి. మా పాలీక్లినిక్‌లో ఏ నెలా రాసినవన్నీ దొరకవు. దొరకనివాటికి లేవని ఒక స్లిప్ ఇస్తారు, బయట కొనుక్కుని బిల్లు పెట్టుకోవాలి. ఒక పెద్దాయన తన బిల్లులన్నీ పాల ప్యాకెట్ కడిగి ఆరబెట్టిన కవరులో దాచుకుని తెస్తారు. కొన్ని బిల్లుల మీద సిరా వెలిసిపోయింది, ఆ రకం కాగితం మీద అక్షరం ఎక్కువ రోజులు నిలవదు. వెలిసిపోయినవి క్లెయిముకి పనికిరావన్నారు. ఆయన ఆ తర్వాత బిల్లు పెట్టడం మానేసి, ఇన్సులిన్ రెండు పూటలకి బదులు ఒక పూట వేసుకుంటున్నారు. నేను తిట్టాను. "పెన్షన్ ఎంత, నేనెంత?" అన్నారు. ఇన్సులిన్ సగానికి తగ్గిస్తే కాలు పోతుంది, కళ్లు పోతాయి, కిడ్నీలు పోతాయి. అప్పుడు అదే పథకం డయాలసిస్‌కి వారానికి మూడుసార్లు కట్టాలి. మాత్రల కొరత ఎక్కడికి దారి తీస్తుందో మీ లెక్కల విభాగం కూడా చూడాలని కోరుతున్నాను. పాలీక్లినిక్‌లో పనిచేసే డాక్టర్లు, ఫార్మసిస్టులు కాంట్రాక్టు మీద ఉంటారు. కాస్త మంచి ఉద్యోగం దొరకగానే వెళ్లిపోతారు, ఆ కుర్చీ నెలల తరబడి ఖాళీ. వాళ్ల జీతం, కాంట్రాక్టు గడువు రెండూ పెంచితేనే నిలబడతారు.

ఎమర్జెన్సీలో దగ్గర్లో ఉన్న ఏ ఆసుపత్రికైనా వెళ్లొచ్చు, కానీ అది జాబితాలో లేనిదైతే 48 గంటల్లో పాలీక్లినిక్‌కి తెలియజేయాలి. రూలు మంచిదే. కానీ ఆ 48 గంటలూ ఇంటివాళ్లు ఐసీయూ బయట ఉంటారు. మా బ్యాచ్ వాడొకడికి గుండెపోటు వస్తే, వాళ్లబ్బాయి నాలుగో రోజు చెప్పాడు, అప్పటిదాకా అతనికి ఆ రూలు ఉన్నట్టే తెలియదు. క్లెయిమ్ తిరస్కరించారు. ప్రభుత్వ జాబితాలో ఆసుపత్రి పేరు లేదన్న ఒక్క కారణంతో వైద్యం ఖర్చు ఇవ్వననడం కుదరదని, నిజంగా చికిత్స జరిగిందా లేదా అన్నదే చూడాలని సుప్రీంకోర్టు 2018లో శివకాంత్ ఝా కేసులో చెప్పింది. పెన్షనరు కాగితాలు ఇచ్చాక నెలలోపు సొమ్ము చెల్లించాలని కూడా అందులోనే చెప్పింది. అది సీజీహెచ్‌ఎస్ పెన్షనరు కేసు. మనదీ అదే పద్ధతిలో నడిచే పథకం కాబట్టి, ఆ తీర్పు స్ఫూర్తి మాకు వర్తించదని ఎవరూ అనరనుకుంటాను. ప్రతి కార్డు వెనక వాళ్ల భాషలో, పెద్ద అక్షరాలతో, ఒక ఫోన్ నంబరూ ఈ 48 గంటల మాటా అచ్చు వేయండి.

బయట ఆరోగ్య బీమా తీసుకోవచ్చుగా అని కొందరు సలహా ఇస్తారు. 2024 నుంచి వయసు పరిమితి తీసేశారు, పాత జబ్బులకి ఆగాల్సిన గడువు గరిష్ఠంగా మూడేళ్లకి తగ్గించారు, నిజమే. కానీ 65 దాటి, షుగరు, బీపీ, ఒక స్టెంటు ఉన్న మనిషికి కంపెనీ చెప్పే ప్రీమియం వింటే పెన్షన్ చేతిలో మిగలదు. 70 దాటినవాళ్లకి ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల కవరు వచ్చింది గానీ, ఈసీహెచ్‌ఎస్ ఉన్నవాళ్లు రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. మా వాళ్లు ఈసీహెచ్‌ఎస్ వదులుకోరు, వదులుకోకూడదు కూడా. డయాలసిస్ పేషెంటుకి పరిమితి అంటేనే టెన్షన్. అందుకే ఇది నిలబడటం మాకు అంత ముఖ్యం.

ఇక మా తర్వాత వచ్చేవాళ్ల గురించి. 2022 జూన్‌లో నాలుగేళ్ల సర్వీసుకి అగ్నివీర్లని తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించారు. ఆ తర్వాత చేరిన మొదటి బ్యాచ్‌లకి నాలుగేళ్లు నిండే వేళ ఇది. వాళ్లలో 25 శాతం దాకా ఉంటారు, మిగతావాళ్లు ఇంటికొస్తారు. సేవానిధి కింద దాదాపు 11.71 లక్షలు చేతికిస్తారు. సర్వీసులో ఉన్నంతకాలం 48 లక్షల జీవిత బీమా ఉంటుంది. బయటికొచ్చాక పెన్షన్ లేదు, మాజీ సైనికుడి హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్ కూడా లేదు. పథకం మంచిచెడ్డల గురించి నేను మాట్లాడటం లేదు, అది పెద్దల విషయం. నేను చూసిన జబ్బుల గురించి మాట్లాడుతున్నాను. ఎత్తైన చోట రెండేళ్లు ఉన్నవాడి ఊపిరితిత్తులకి, ఫిరంగి పక్కన నిలబడినవాడి చెవులకి, బరువు మోసుకుని కొండలెక్కినవాడి మోకాళ్లకి ఏమవుతుందో 24 ఏళ్లకి కనపడదు, 45కి కనపడుతుంది. అప్పుడు అతను ఎక్కడికి వెళ్లాలి?

దారి లేకపోలేదు. పెన్షన్ లేని షార్ట్ సర్వీస్ ఆఫీసర్లు, ఎమర్జెన్సీ కమిషన్డ్ ఆఫీసర్లు, రెండో ప్రపంచ యుద్ధ వీరులు, వీళ్లందరికీ 2019 మార్చిలో కేబినెట్ నిర్ణయంతో ఈసీహెచ్‌ఎస్ తలుపు తెరిచారు. పెన్షన్ ఉంటేనే వైద్యం అన్న గీత అప్పుడే చెరిపారు. అగ్నివీర్లకి కూడా సేవానిధి నుంచి చందా కట్టి చేరే అవకాశం ఇవ్వండి. మా ఊరి కుర్రాళ్లు ముగ్గురు వెళ్లారు. ఒకడు పోయిన సెలవులో వచ్చి నా చేత చెవి చూపించుకున్నాడు, ఫైరింగ్ తర్వాత కుడి చెవిలో గుయ్‌మంటోందట. రికార్డులో రాయించుకోరా అన్నాను. "రాయిస్తే ఆ 25లోకి తీసుకోరేమో మావయ్యా" అన్నాడు. వాడికి 21 ఏళ్లు.

ఈ ఉత్తరానికి జవాబు వస్తే తెలుగులో ఇవ్వండి, పాలీక్లినిక్ నోటీసు బోర్డు మీద అంటిస్తాను. సుబేదార్ సాబ్ 24,200 రూపాయల క్లెయిమ్ మూడోసారి పంపాం. వివరణ ఇవ్వమన్న చోట ఆయనే తన చేతిరాతతో ఒక వాక్యం రాశారు. "డబ్బు కట్టకపోతే ఆ రోజు మెషిన్ ఆన్ చేయనన్నారు." కింద సంతకం, ర్యాంకు, సర్వీసు నంబరు. ఆయన డయాలసిస్ రిఫరల్ వచ్చే నెల 9తో అయిపోతుంది. ఎనిమిదో తారీకు పొద్దున్న ఆరున్నర బస్సుకి మేమిద్దరం పాలీక్లినిక్‌కి బయల్దేరతాం.

జై హింద్.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హవల్దార్, నర్సింగ్ అసిస్టెంట్
ఆర్మీ మెడికల్ కోర్
పశ్చిమ గోదావరి జిల్లా